అమ్మ ఆర్పని పొయ్యి

ఈమధ్య మా తమ్ముడు శామ్యూలు ఫోన్ చేసి, "అప్పా, పాత వంటగది పడగొట్టించేస్తన్నాను. ఒకపాలి వొచ్చి సూసుకుంటావేటి?" అని అడిగాడు. మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటారు. తాతల నాటి నుంచి బెంగాలు గాలి పీల్చి, బెంగాలు చేప తిని బతికినా ఆ పిలుపు మాత్రం మా ఇంట్లో పోలేదు. ఏక్‌బాల్‌పూర్‌లో మా ఫ్లాట్ నుంచి బయల్దేరి బడ్జ్ బడ్జ్ దాటి మా ఊరు చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. అప్పటికే వంటగది పైకప్పు తీసేశారు. నాలుగు గోడలూ ఆకాశం కింద సిగ్గుపడుతూ నిలబడ్డాయి. తమ్ముడి మనవరాలు రియా నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఎనిమిదేళ్ళ పిల్ల. బెంగాలీ పిల్లల్లాగే నన్ను ఠామ్మా అంటుంది. "ఠామ్మా, ఈ దేవాల్‌కి కాలో రంగ్ ఎవరు కొట్టారు?" అని అడిగింది. గోడ కింది నుంచి పైదాకా నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. వేలితో రుద్దాను. రాలేదు. గోరుతో గీకితే సన్నని పెచ్చు ఒకటి ఊడింది. "మీ తాత వాళ్ళ అమ్మ కొట్టిందే" అన్నాను. ఎందుకు అంది. అన్నం వండడానికి అన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నానని అది నవ్వేసి, ఇటుకలు ఎక్కి దిగే ఆటలో పడిపోయింది. నేను ఆ గోడ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. మా అమ్మ సుగుణమ్మ ఏళ్ళ తరబడి పీల్చిన పొగలో ఆమె లోపలికి పోగా మిగిలింది ఇదన్నమాట అనిపించింది.

మా నాన్న దానియేలు బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లులో పనిచేసేవాడు. నాకు ఏడేళ్ళు వచ్చేదాకా మేము మిల్లు లైన్లలోనే, కార్మికుల వరస ఇళ్ళలో, ఒక గదిలో ఉన్నాం. తరవాత నాన్న, ఎవరు చెప్పినా వినకుండా, ఊరి చివర పొలాల్లో చిన్న జాగా కొని మట్టి ఇల్లు వేశాడు. "సొంతిల్లు, సొంతిల్లు" అని పాటలా పాడుకునేవాడు. ఆ సొంతింటికి దారి లేదు, కరెంటు లేదు, కప్పల బెకబెకలు మాత్రం దండిగా ఉన్నాయి. ఇల్లు మారిన రోజు నాకు బాగా గుర్తుంది. సామానంతా వ్యాను రిక్షా మీద వేశారు. ట్రంకు పెట్టె, మంచం, బియ్యం డబ్బా, వాటి మీద నేను. అమ్మ మాత్రం ఏ సామానూ పట్టుకోలేదు. తడిపిన గోనెసంచి ఒళ్ళో మడత పెట్టుకుని, దాని మీద మట్టి కుంపటి పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కుంపటిలో బూడిద, బూడిద కింద నిప్పు. దారి పొడుగునా జనం ఆగి చూశారు. నాన్నకు తల కొట్టేసినట్టయింది. "అందరూ కొత్తింటికి పాలగిన్ని అట్టుకెల్తారు. మీ అమ్మ అగ్గి అట్టుకెల్తంది. అగ్గిపెట్టిలు కరువొచ్చినాయేటి?" అని నాతో అన్నాడు. అమ్మ రిక్షా గుంతలో పడినప్పుడల్లా కుంపటిని గుండెకు ఆనించుకుంది. ఆమెకు వేడి తగలదా అని నేను ఆశ్చర్యపోవడం మట్టుకు జ్ఞాపకం.

ఆ కుంపటిలో నిప్పు ఎప్పుడూ చల్లారేది కాదు. రాత్రి వంటలయ్యాక అమ్మ ఒక గుల్ ఉండను, బాగా రాజుకున్నదాన్ని, ఏరి కుంపటి మధ్యలో పెట్టి, పిల్లకు దుప్పటి కప్పినట్టు బూడిద కప్పేది. కప్పి, "ప్రభువా, మా ఇంట నిప్పు నిలుపు" అనేది. గుల్ అంటే బొగ్గుపొడి, చెరువు మట్టి, అన్నం గంజి కలిపి చేసిన ఉండలు. మధ్యాహ్నాలు పెరట్లో గోనె పరిచి ఆమె వందలకు వందలు చేసి ఎండబెట్టేది. నా చేత కూడా చేయించేది. నావి పగిలిపోయేవి, ఆమెవి లడ్డూల్లా నిలిచేవి. తెల్లవారగానే కుంపటి బూడిద తోసి రెండుసార్లు ఊదితే ఎర్రటి కన్ను ఒకటి తెరుచుకునేది. దాన్ని పటకారుతో బకెట్టు పొయ్యి అడుగున పెట్టి, మీద ఎండిన పిడకలు, వాటి మీద బొగ్గు, గుల్ పేర్చి, పొయ్యిని వాకిట్లో గాలి వచ్చేచోట పెట్టేది. అప్పుడు మొదలయ్యేది పొగ. తెల్లగా, చిక్కగా, పసుపు అంచుతో, కళ్ళలో కారం కొట్టినట్టు. ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ అదే వేళకు అదే పొగ. ఎదురింటి మనిషి కనపడేవాడు కాదు, దగ్గు మాత్రం వినిపించేది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ మా ఇంట్లో ముందు పొగ, ఆ తరవాతే నిప్పు అని నాన్న ఎకసెక్కమాడేవాడు. పొగ తగ్గి బొగ్గు అంటుకున్నాక అమ్మ పొయ్యిని చెవి పట్టుకుని ఎత్తి వంటగదిలోకి తెచ్చేది.

ఆ పొయ్యిని కూడా ఆమే చేసేది. చిల్లుపడిన ఇనప బకెట్టుకు కింద గూడు కోయించి, మధ్యలో ఇనప ఊచలు వేయించి, లోపలంతా మట్టి మెత్తేది. మట్టిలో ఊక కలపడం అందరూ చేసేదే. మా అమ్మ మిల్లు నుంచి నాన్న తెచ్చే జనపనార తుక్కు కూడా సన్నగా తుంచి కలిపేది. దానివల్ల ఎంత కాకకైనా పొయ్యి నెర్రెలిచ్చేది కాదు. ఈ సంగతి తెలిసి చుట్టుపక్కల ఆడవాళ్ళు బకెట్లు తెచ్చి ఇచ్చేవారు. ఆమె మెత్తిన పొయ్యి లోపలి గోడ మీద ఐదు వేళ్ళ గుర్తులూ ఉండేవి. నిప్పు చూసి వంట చెప్పేది. నీలం నాలుకలు లేస్తుంటే పప్పు ఎక్కించు అనేది. అవి పోయి ఎర్రబడితే అన్నం. ఎరుపు మీద తెల్ల బూడిద పొర కట్టగానే చేపల పులుసు, ఇక చివరి వేడికి ఎండు చేప. ఒక్క పొయ్యి మీద, ఒక్క బొగ్గు విడతకు, ఏదీ మాడకుండా, ఏదీ ఉడక్కుండా పోకుండా నలుగురికి నాలుగు రకాలు వండేది. చదువుకున్నాక నేను వేడి గురించి పుస్తకాల్లో చాలా చదివాను గానీ, వేడిని అట్లా చేత్తో పట్టుకున్న మనిషిని మరొకరిని చూడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నోరు తెరుచుకుని ఉండిపోతాను.

పక్కింటి మాలతి బౌది, బెంగాలీలో బౌది అంటే వదిన, నిప్పు అప్పు అడగడానికి వచ్చేది. కొబ్బరి చిప్ప చేత్తో పట్టుకుని, తల మీద కొంగు సర్దుకుంటూ, "ఓ దీదీ, ఏక్టు ఆగున్ దాఓ" అనేది. వర్షాకాలంలో అగ్గిపుల్లలు మెత్తబడిపోయేవి మరి. అమ్మ కుంపటి బూడిద తోసి ఒక నిప్పు తీసి ఇచ్చేది. మాలతి బౌదికి తెలుగు రాదు, అమ్మకు బెంగాలీ సరిగ్గా రాదు. అయినా ఇద్దరూ పొయ్యిల దగ్గర కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకున్నారే అని అడిగితే, "ఏటో సెప్పింది, నానూ ఏటో సెప్పినాను" అనేది అమ్మ.

సాయంత్రమయ్యాక మా ఊరు బావిలో దిగినట్టుండేది. పొలాల అవతల, నది వైపు, మిల్లు మీద ఆకాశం మాత్రం తెల్లగా వెలుగుతుండేది. ఆ వెలుగు మా వాకిట్లో నిలబడి చూడటానికే గానీ చదువుకోడానికి పనికిరాదు. "సూరీడు అక్కడ డూటీ దిగడు" అనేవాడు నాన్న. మాకు ఒక లాంతరు, ఒక బుడ్డిదీపం. లాంతరు నాకు, బుడ్డిదీపం అమ్మకు. ఆ బుడ్డి వెలుతురులో ఆమె బియ్యంలో రాళ్ళు ఏరేది. పొద్దున్నే లేచి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. అందరికీ అలాగే వస్తుందనుకునేదాన్ని, ముక్కులో నుంచి వచ్చేది నలుపే అనుకునేదాన్ని.

నేను పెద్దపిల్లనయ్యాక మా ఊరికి స్తంభాలు వచ్చాయి. ముందు స్తంభాలు వచ్చి ఏడాదికి పైగా కాకులకు పనికొచ్చాయి. తరవాత తీగలు, ఆ తరవాత ఒక సాయంత్రం కరెంటు. ముందుగా వంటగదిలోనే బల్బు పెట్టించాలని పట్టుబట్టింది నేనే. నాన్న స్విచ్చి అమ్మ చేత వేయించాడు. ఆ క్షణం నా కళ్ళలో ఉండిపోయింది. వంటగది మూలలన్నీ ఒక్కసారిగా ముందుకు వచ్చినట్టయింది. అంతవరకూ ఆ గదికి మూలలున్నాయని నాకు తెలియదు. శామ్యూలు చప్పట్లు కొట్టాడు. మాలతి బౌది గుమ్మంలో నిలబడి శంఖం ఊదింది. అమ్మ మాత్రం బల్బును చూడలేదు. గోడలను చూస్తోంది. ఆమె ప్రతి శనివారం కడిగి, అలికి, శుభ్రంగా ఉందనుకున్న వంటగది నల్లగా, సాలెగూళ్ళకు కూడా మసి పట్టి తాళ్ళలా వేలాడుతూ కనబడింది. "ఓలమ్మ, ఇన్నాళ్ళూ ఈ మసిలోనేటి మీకు అన్నం ఎట్టినాను" అంది మెల్లిగా. అందరూ వెళ్ళిపోయాక చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కొబ్బరి పీచు, బూడిద తీసుకుని ఆ గోడ తోమడం మొదలుపెట్టింది. దగ్గుతూ తోమింది. గోడ తెల్లబడలేదు. ఆ దగ్గును మొదటిసారి నేను చెవిపెట్టి విన్నది ఆ వెలుతురులోనే.

ఆ తరవాత నేను ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో నర్సు పని నేర్చుకోడానికి చేరాను, రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. అమ్మ దగ్గు చలికాలానికి చలికాలానికి లోతవుతోంది. పొయ్యి ఎత్తి లోపలికి తెచ్చేసరికి గోడకు చెయ్యి ఆనించి నిలబడాల్సి వస్తోంది. బతిమాలి మా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గుండె, వీపు తట్టి చూసి, చెవిలోంచి గొట్టం తీసి, ఈవిడ ఎన్నేళ్ళుగా బీడీలు కాలుస్తోంది అని నన్ను అడిగాడు. నేను తెలుగులో చెప్పగానే అమ్మకు కోపం ముంచుకొచ్చింది. "మా అత్త అగ్గి నోట్లో ఎట్టుకుని అడ్డపొగ కాల్సీది. నాను ముట్టనేదని సెప్పు. బైబులు మీద సెయ్యేసి సెప్తానని సెప్పు" అంది. డాక్టరు నవ్వలేదు. ఏం పొయ్యి మీద వండుతుంది అని అడిగాడు. చెప్పాను. ఆయన, మందు నేను రాస్తాను గానీ, పొగ మానకపోతే ఈ మనిషి ఎక్కువ చలికాలాలు చూడదు అన్నాడు. ఆ రెండో మాట నేను అమ్మకు చెప్పలేదు.

గ్యాసు కోసం పేరు రాయించి చాలాకాలం ఎదురుచూశాం. నా జీతం మొదలయ్యాక వచ్చింది. ఎర్రటి సిలిండరు వ్యాను రిక్షా మీద పొలం గట్టున ఊగుతూ వస్తుంటే ఊరు ఊరంతా వెంట వచ్చింది. స్టవ్వు అరుగు మీద పెట్టి, రబ్బరు గొట్టం బిగించి, పుల్ల గీసి అంటించాను. నీలం పువ్వు ఒకటి గిన్నె కింద గుండ్రంగా విచ్చుకుంది. చప్పుడు లేదు, వాసన లేదు. అమ్మ ముందుకు వంగి చూసింది. "పొగేదే?" అంది. లేదన్నాను. "దాసినావేటి?" అంది. గిన్నె ఎత్తి చూసింది. అడుగు తెల్లగానే ఉంది. చీర కొంగుతో తుడిచి కొంగు చూసుకుంది. అదీ తెల్లగానే ఉంది. "పొగ నేకండా అగ్గెలాగొస్తాదే గుంటా" అని నా ముఖంలోకి చూసిన ఆ చూపు, చర్చిలో ప్రార్థన వేళ కూడా నేను ఆమె కళ్ళలో చూడలేదు. నాకు గొప్పగా అనిపించింది. అమ్మ ప్రాణం నేను కొనేశాననుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదన్న సంగతి నాకు అప్పటికి తెలియదు.

మొదటి సిలిండరు అనుకున్న రోజులు రాలేదు. సగం రోజులకే అయిపోయింది. "తూకం కొట్టేసినాడు ఎదవ" అని నాన్న తెచ్చినవాణ్ణి తిట్టాడు. రెండోదీ అంతే. మూడోది వచ్చిన వారానికి, నేను పొద్దుటి డ్యూటీ దిగి మూడు గంటల వేళ ఇంటికి వస్తున్నాను. వాకిట్లోకి రాగానే ముక్కుపుటాలకు వాసన కొట్టింది. లోపల తలుపు వేసి ఉంది. తోసుకుని వెళ్ళాను. అమ్మ బియ్యం డబ్బా వెనక వంగి వెతుకుతోంది. "ఎలకేదో సచ్చినాదే. పొద్దున్నుంచీ కంపు. కరెంటూ నేదు, ఈ మూల సరిగ్గా అవపడ్డంనేదు" అంటూ కొంగు ముడి నుంచి అగ్గిపెట్టె తీసింది. పుల్ల చేతిలో ఉంది. నేను ఎలా ఎగిరి ఆ చెయ్యి పట్టుకున్నానో నాకు తెలియదు. అగ్గిపెట్టె లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. కిటికీలు, తలుపులు తెరిచి, ఆమెను బయటికి లాగి, వచ్చి స్టవ్వు చూశాను. మీట సన్నగా తిప్పి ఉంది. బర్నరు మీద మట్టి మూకుడు ఒకటి బోర్లించి ఉంది. మూకుడు కింద మంట లేదు. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది.

అప్పుడు తెలిసింది. గ్యాసు వచ్చిన రోజు నుంచీ అమ్మ ఆ మంటను తన చేత్తో ఆర్పలేదు. వంటయ్యాక ఆవగింజంత చేసి, మీద మూకుడు బోర్లించి, కుంపటిలో నిప్పు దాచినట్టే దాచింది. మేము బయటికి వెళ్ళాక పగలంతా అలా ఉంచి, మేము వచ్చే వేళకు మూకుడు తీసేసేది. మేము ఇంట్లో ఉన్నప్పుడు మీట తిప్పి కట్టే పని నాతోనో నాన్నతోనో చేయించేది. "నా సెయ్యి తడిగున్నాది, నువ్వు తిప్పు" అనేది. ఆ రోజు గాలికో దేనికో మంట పోయింది. నా భయమంతా నోట్లోంచి వచ్చింది. "ఇల్లు తగలబెడదావనుకున్నావేటి? నా జీతం తగలేసినావు, ఇప్పుడు నువ్వూ తగలబడదావనుకున్నావా? ఎంత సెప్పినా బుర్రకెక్కదు. మట్టి పిసకడానికే పుట్టినావు నువ్వు" అన్నాను. నాలుగు అక్షరాలు నేర్చుకుని, తెల్ల యూనిఫారం వేసుకున్న నాకు కళ్ళు నెత్తికెక్కి అన్న మాట అది. అమ్మ వాకిట్లో పడిన అగ్గిపుల్లలు ఒక్కొక్కటే ఏరి పెట్టెలో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వాకిట్లో బకెట్టు పొయ్యి పొగలు కక్కుతోంది. స్టవ్వు మీద బట్ట కప్పి ఉంది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. తేడా అల్లా ఏమిటంటే, ఇప్పుడు ఆమె దగ్గుతూ వండుతోంది, నాతో మాట్లాడటం లేదు.

వారం పది రోజులు చూశాను. ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న నన్ను నది ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అవతలి ఒడ్డును చూస్తూ బీడీ ముట్టించుకుని, "నీకో సంగతి సెప్పనేదు" అన్నాడు. "నీ ముందు మాకో కొడుకున్నాడు. మూడేళ్ళోడు. మిల్లు లైన్లో ఉన్నప్పుడు జొరమొచ్చి రెండు రోజుల్లో పోనాడు. ఇంట్లో మనిసి పోతే పొయ్యిలో నీళ్ళొయ్యాలి గదా. మా అమ్మ మంచాన ఉన్నాది. ఇంకెవులున్నారు? మీ అమ్మే పోసింది. పిల్లోడు అక్కడ పడుకోనున్నాడు, ఈమె సెంబుతో నీళ్ళట్టుకెల్లి మండతన్న పొయ్యిలో పోసింది. ఆ బుస్సుమన్న సప్పుడు నాకిప్పటికీ ఇనపడతాది. మళ్ళీ ముట్టించిన కాణ్ణుంచీ ఆ అగ్గిని సల్లారనివ్వనేదు. నాను ఎకసెక్కాలాడతాను గానీ, ఎందుకని ఎప్పుడూ అడగనేదు." నాన్న బీడీ ఆరిపోయింది. మళ్ళీ ముట్టించుకోలేదు. నర్సు చదువులో ఊపిరితిత్తుల గురించి చాలా నేర్పారు. తన చేత్తో పొయ్యి ఆర్పిన తల్లి గురించి ఎవరూ నేర్పలేదు. ఇంటికి వచ్చి ఆమె పక్కన కూర్చుని గుల్ ఉండలు చేశాను. క్షమించమని నోటితో అడగలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ మట్టి పిసికాను. నావి ఎప్పటిలాగే పగిలాయి. ఆమె వాటిని తీసుకుని మళ్ళీ గుండ్రంగా చేసి పెట్టింది. అంతవరకే.

ఇప్పుడు మా ఫ్లాట్లో మీట నొక్కితే మంట, నొక్కకపోయినా నీళ్ళు కాగే యంత్రం. శామ్యూలు కోడలు ఫోన్లో మాట్లాడుతూ ఒక చేత్తో వంట ముగిస్తుంది. నలుగురికి అన్నం ఉడకడం వెనక ఎంత పని ఉండేదో, ఎంత శ్వాస ఖర్చయ్యేదో ఆ పిల్లకు తెలియదు, తెలియాల్సిన అవసరం లేకపోవడమే దేవుడి దయ. అయితే మొన్న పాత వంటగది నుంచి తిరిగి వస్తూ చూశాను. ఊళ్ళో ప్రతి ఇంటి గోడకూ ఎర్ర సిలిండరు ఆనుకుని ఉంది, ప్రతి ఇంటికీ కరెంటు మీటరు ఉంది. రెండు మూడు ఇళ్ళ వెనక పిడకల పొయ్యి కూడా ఉంది. మాలతి బౌది కోడలు దాని మీద అన్నం వార్చుతోంది. సిలిండరు ఉందిగా అన్నాను. టీకీ, కూరకీ అది, అన్నానికి ఇదీ అని నవ్వింది. ఒకప్పటి నేనైతే అక్కడే పాఠం చెప్పేదాన్ని. ఇప్పుడు ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని, దగ్గేమైనా వస్తోందా అమ్మా అని మాత్రం అడిగాను. పొయ్యి మార్చడం ఒక వస్తువు తెచ్చి పెట్టడం కాదని నాకు నేర్పింది మా అమ్మ. ఎలా నేర్పిందో కూడా చెప్పాలి.

అమ్మ నాతో మాట్లాడటం మానేసిన ఆ ఏడాది వర్షాలు విపరీతంగా పడ్డాయి. ఒక పొద్దున్న నాన్న మిల్లుకు, శామ్యూలు బడికి వెళ్ళాక వాన అందుకుంది. రైళ్ళు ఆగిపోయి నేను ఇంట్లోనే ఉన్నాను. పొలాల నీళ్ళు వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చాయి. మోకాళ్ళ దాకా అయ్యాయి. అమ్మా నేనూ బియ్యం డబ్బా, పరుపులు, శామ్యూలు పుస్తకాలు మంచం మీదికి ఎత్తాం. ఆ హడావుడిలో ఇద్దరమూ ఒక్కటి మరిచిపోయాం. అమ్మే ముందు గుర్తు చేసుకుంది. వంటగదిలోకి పరిగెత్తింది. నేను వెనకే వెళ్ళాను. మూలన ఉండే కుంపటి నీళ్ళలో మునిగిపోయి ఉంది. పైన బూడిద తేలుతోంది. అమ్మ నీళ్ళలో చేతులు పెట్టి కుంపటి ఎత్తింది. లోపలి నుంచి నల్లటి నీళ్ళు కారాయి. గుల్ ఉండ మెత్తబడి ఆమె వేళ్ళ మధ్య విడిపోయింది.

ఆమె ఏడవలేదు. కుంపటి అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "శామ్యూలేడే?" అంది. బడిలో ఉంటాడమ్మా అన్నాను. "మీ నాన్నేడే?" అంది. మిల్లులో అన్నాను. కాసేపాగి మళ్ళీ అవే రెండు మాటలు అడిగింది. ఆమె దేని కోసం చూస్తోందో నాకు తెలుసు. నాన్న నది ఒడ్డున చెప్పి ఉండకపోతే, చలి పట్టి వణుకుతోందనుకునేదాన్ని. నీళ్ళు పడి నిప్పు ఆరింది, ఇక కబురు ఎటు నుంచి వస్తుందో అని చూస్తోంది. ఆమె భుజం పట్టుకుని పక్కన నిలబడ్డాను. అలా ఎన్ని గంటలు నిలబడ్డామో. ఒకసారి ఆమె కాలు తూలింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను నమ్మనిదాన్ని, చదువుకున్నదాన్ని, ఆ వానలో నేనూ గట్టు వైపే చూస్తూ ఉండిపోయాను.

మధ్యాహ్నం దాటాక గట్టు మీద నాన్న కనబడ్డాడు. నడుము లోతు నీళ్ళలో, శామ్యూలును భుజాల మీద కూర్చోబెట్టుకుని, వాడి చేతిలో విరిగిన గొడుగు. వాడు ఏనుగెక్కిన రాజులా నవ్వుతున్నాడు. అమ్మ ఎదురెళ్ళి వాడి తల, వాడి కాళ్ళు, నాన్న చేతులు, అన్నీ తడిమి చూసింది. "ఏటే, ఏటయినాది?" అన్నాడు నాన్న. "ఏటీ అవ్వనేదు" అంది అమ్మ. అని, తనే ఆ మాట విని ఆశ్చర్యపోయినట్టు, మళ్ళీ ఒకసారి, "ఏటీ అవ్వనేదు" అంది.

లోపలికి వచ్చి అరుగు మీద స్టవ్వుకు కప్పిన బట్ట తీసింది. డబ్బాలోంచి పొడి అగ్గిపెట్టె తీసి అంటించింది. అల్లం వేసి టీ కాచింది. అన్నం వండింది, రెండు గుడ్లు వేయించింది. నీళ్ళ మధ్య, ఆ చీకటి మూసిన పగటి వేళ, నీలం మంట దగ్గర ఆమె ముఖం ఒక్కటే కనబడుతోంది. దగ్గు లేదు. వంటయింది. ఆమె చెయ్యి మీట మీదికి వెళ్ళి ఆగింది. "నాను తిప్పనా అమ్మా?" అన్నాను. వద్దని తలూపింది. మంచం వైపు చూసింది. దుప్పట్లో చుట్టుకున్న శామ్యూలును, తల తుడుచుకుంటున్న నాన్నను, తలుపు దగ్గర నన్ను చూసింది. "అందరం ఉన్నాం గదా" అంది. మీట తిప్పింది. మంట పోయింది. చప్పుడు లేదు, బుస్సు లేదు. ఆ ఖాళీ బర్నరును కాసేపు చూసి మళ్ళీ పుల్ల గీసింది. నీలం పువ్వు మళ్ళీ విచ్చుకుంది. మళ్ళీ తిప్పి ఆర్పింది. "ఎల్లనీయే. పిలిస్తే వస్తాది" అంది, ఎన్నో రోజుల తరవాత నా ముఖంలోకి చూస్తూ. ఎప్పుడూ మా అందరి తరవాత పొయ్యి దగ్గరే ఒంటరిగా తినే మనిషి, తన కంచం కూడా పట్టుకొచ్చి, కాళ్ళు పైకి ముడుచుకుని, మాతోపాటు మంచం మీద కూర్చుంది.